పిన్‌బాల్ గేమ్‌కి టచ్ కంట్రోల్స్ ఎలా చేయాలి: వేలు నొక్కితే ఫ్లిప్పర్ లేవాల్సిందే

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కూర్చున్నవాళ్లకి జెడ్ కీ, స్లాష్ కీ ఇప్పటికీ గుర్తుంటాయి. స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్‌లో ఎడమ ఫ్లిప్పర్‌కి (బంతిని పైకి కొట్టే చెయ్యి లాంటి పలక) జెడ్, కుడి ఫ్లిప్పర్‌కి స్లాష్, బంతి వదలడానికి స్పేస్‌బార్. ఆ ఆట ఆడేటప్పుడు ఎవరూ కీబోర్డు వైపు చూసేవాళ్లు కాదు. కీకి అంచు ఉంటుంది, నొక్కితే లోపలికి దిగుతుంది, వదిలితే పైకి వస్తుంది, వేలికి ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది, కాబట్టి కళ్లు మొత్తం బంతి మీదే. ఫోన్ గాజుకి అంచూ లేదు, దిగడమూ లేదు. ఆ ఆటనే ఫోన్‌లోకి తేవాలంటే మీ పనిలో సగం ఈ లోటు పూడ్చడమే.

నేను ఒక చిన్న పిన్‌బాల్ టేబుల్ తయారుచేసి మొదటిసారి మా అక్క కొడుకు చేతికి ఫోన్ ఇచ్చాను. 11 ఏళ్లవాడు. రెండు నిమిషాల్లో మూడు బంతులూ పోయాయి. "మామయ్యా, నేను నొక్కాను, అది లేవలేదు" అన్నాడు. పిల్లలు ఓడిపోతే అలాగే అంటారులే అనుకున్నాను గానీ, మళ్లీ ఆడమని పక్కన కూర్చుని ఈసారి స్క్రీన్ వదిలేసి వాడి బొటనవేళ్లే చూశాను. ఎడమ వేలు ఆనించి ఫ్లిప్పర్ ఎత్తి, బంతిని దాని ఒళ్లో ఆపబోయాడు. వేగంగా వచ్చిన ఆ బంతి ఆగకుండా ఫ్లిప్పర్ కొన మీదుగా కుడివైపుకి దూకింది. ఎడమ వేలు తీయకుండానే కుడి వేలు నొక్కాడు. కుడి ఫ్లిప్పర్ కదల్లేదు. వాడు చెప్పింది నిజం. ఒక వేలు స్క్రీన్ మీద ఉండగా రెండో వేలిని నా కోడ్ చూడనే చూడట్లేదు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. వేలు గాజుని తాకిన క్షణం, వేలు లేచిన క్షణం, ఈ రెండూ ఆటగాడి సొత్తు. మన కోడ్ వాటిలో ఏ ఒక్కదాన్నీ మింగకూడదు, సాగదీయకూడదు. బంతి పోయాక "అయ్యో, తొందరపడ్డాను" అనుకునేవాళ్లు ఇంకో ఆట ఆడతారు. "నేను నొక్కాను, అది లేవలేదు" అనుకునేవాళ్లు ఆటని ఫోన్‌లోంచి తీసేస్తారు. కింద రాసిన పనులన్నీ ఈ నియమం కోసమే.

మొదటి పని: ఫ్లిప్పర్ ఏం చేస్తుందో తెలుసుకోండి

బటన్ అనగానే మనకి ఆన్, ఆఫ్ గుర్తొస్తాయి. ఫ్లిప్పర్ సంగతి వేరు. 1947లో గాట్‌లీబ్ కంపెనీ తెచ్చిన హంప్టీ డంప్టీ టేబుల్‌లో హ్యారీ మాబ్స్ మొదటిసారి కరెంటు ఫ్లిప్పర్లు పెట్టాడు. అంతకుముందు బంతి వదిలాక ఆటగాడు చేయగలిగింది టేబుల్‌ని కాస్త కుదపడం మాత్రమే. న్యూయార్క్ నగరమైతే పిన్‌బాల్‌ని జూదం కింద జమకట్టి 1942లో నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర కౌన్సిల్ ముందు నిలబడి, బంతి ఎటు పోతుందో ముందే చెప్పి మరీ కొట్టి చూపించాక ఆ నిషేధం పోయింది. ఆ రెండు బటన్లలో ఎంత చేతి నైపుణ్యం దాగి ఉందో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

అసలు మెషీన్‌లో ఫ్లిప్పర్ కాయిల్‌కి రెండు వేర్వేరు వైరు చుట్టలు ఉంటాయి. ఒకటి ఫ్లిప్పర్‌ని బలంగా పైకి లాగేది. రెండోది, పైకి వెళ్లాక కాయిల్ కాలిపోకుండా తక్కువ కరెంటుతో పట్టి ఉంచేది. అంటే నొక్కి పట్టుకోవడం ఆటలో భాగమని తయారుచేసినవాళ్లే అనుకున్నారన్నమాట. చెయ్యి తిరిగిన ఆటగాళ్లు ఫ్లిప్పర్ ఎత్తి ఉంచి బంతిని ఆపుతారు, దాన్నే క్రేడిల్ అంటారు. ఎత్తి ఉన్న ఫ్లిప్పర్‌ని బంతి తగిలే క్షణంలో వదిలేస్తే బంతి వేగం చచ్చి మెత్తగా దిగుతుంది, అది డ్రాప్ క్యాచ్. ఇక్కడ నొక్కడం కంటే వదలడమే ముఖ్యం, గమనించండి. చిన్నగా తట్టి బంతిని అవతలి ఫ్లిప్పర్‌కి అందించడం ఇంకో విద్య. కాబట్టి కోడ్ మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు నొక్కారు, ఎంతసేపు పట్టారు, ఎప్పుడు వదిలారు, ఆ సమయంలో రెండో చెయ్యి ఏం చేస్తోంది. మీ కంట్రోల్స్ ఈ నాలుగింటినీ ఆటకి ఉన్నదున్నట్టు చేరవేయాలి.

రెండో పని: స్క్రీన్‌ని రెండు సగాలు చేయండి, బటన్లు గీయకండి

చాలామంది మొదట చేసేది కింద మూలల్లో రెండు గుండ్రటి బటన్లు గీయడం. వద్దు. గీసిన బటన్ అంచు కంటికి కనిపిస్తుంది కానీ వేలికి తెలియదు. ఆట మంచి ఊపు మీద ఉన్నప్పుడు బొటనవేలు అర సెంటీమీటరు పక్కకి జరిగిందంటే ఇక నొక్కినా నొక్కనట్టే. దానికి బదులు స్క్రీన్‌ని నిలువుగా మధ్యకి పంచి, ఎడమ సగమంతా ఎడమ ఫ్లిప్పర్, కుడి సగమంతా కుడి ఫ్లిప్పర్ అనేయండి. పైన సన్నటి పట్టీ ఒకటి పాజ్ కోసం ఉంచితే చాలు. ఆ పాజ్ బటన్‌కి ఆపిల్ చెప్పే 44 పాయింట్ల కొలత గానీ, గూగుల్ చెప్పే 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ కొలత) గానీ సరిపోతుంది. 48 డీపీ అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఫ్లిప్పర్‌కి మాత్రం ఆ లెక్క పెట్టుకోకండి, అది చూసి నొక్కే బటన్ల కొలత, ఫ్లిప్పర్‌ని ఎవరూ చూసి నొక్కరు.

రెండు సగాల మధ్య కొంచెం ఖాళీ పట్టీ వదలమని, అక్కడ తాకితే ఏమీ జరగకుండా ఉంచమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తాకితే స్పందించని చోటు స్క్రీన్ మీద ఎక్కడున్నా ఏదో ఒక రోజు ఎవరో ఒకరి బంతి దానివల్ల పోతుంది. అసలు చిక్కు వేరే ఉంది. వేలు ఒక సగంలో దిగి, నొక్కి పట్టుకునే ఉండగా మెల్లగా రెండో సగంలోకి జారుతుంది. అప్పుడు మీ కోడ్ "ఈ వేలు ఇప్పుడు కుడివైపు ఉంది" అని ఎడమ ఫ్లిప్పర్‌ని దించి కుడిదాన్ని ఎత్తితే ఆటగాడికి పిచ్చెక్కుతుంది. వేలు ఏ సగంలో దిగిందో, పైకి లేచేదాకా ఆ సగానికే చెందాలి, మధ్యలో ఎంత తిరిగినా సరే. ఈ ఒక్క మార్పుకే మా వాడి ఫిర్యాదుల్లో సగం తగ్గాయి.

ఇప్పుడు బొటనవేళ్లు ఏం కప్పేస్తున్నాయో చూడండి. ఒక స్కేలు తీసుకుని మీ ఫోన్ మీద పెట్టండి. నిలువుగా పట్టుకున్న మామూలు ఫోన్ స్క్రీన్ వెడల్పు 7 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక్కో బొటనవేలు సుమారు 2 సెంటీమీటర్లు మింగేస్తుంది. రెండు వేళ్లూ ఆనిస్తే మధ్యలో మిగిలేది 3 సెంటీమీటర్లే, అది కూడా స్క్రీన్ కిందిభాగంలో, అంటే సరిగ్గా ఫ్లిప్పర్లు ఉండేచోట. బంతి ప్రాణం నిలిచేదీ పోయేదీ అక్కడే కాబట్టి ఆ చోటు కళ్లకి కనబడాల్సిందే. అందుకని టేబుల్‌ని కిందిదాకా సాగదీయకండి. ఫ్లిప్పర్ల కింద రెండున్నర, మూడు సెంటీమీటర్లు వదిలేయండి. అసలు మెషీన్‌లో కూడా ఫ్లిప్పర్ల కింద ఏప్రన్ అని ఒక పలక ఉంటుంది, ఆట నియమాల కార్డులు దానిమీదే పెడతారు. మీరూ అక్కడ ఏప్రన్ గీయండి, స్కోరు మాత్రం పైన పెట్టండి. ఏప్రన్ వేళ్లకి పీట అనుకోండి.

కెమెరా బంతి వెంట పైకీ కిందికీ కదిలే టేబుల్ అయితే ఒక జాగ్రత్త: తాకే సగాలు స్క్రీన్‌కి కట్టి ఉండాలి, టేబుల్‌కి కాదు. టేబుల్‌లోని ఫ్లిప్పర్ బొమ్మ మీద తాకితేనే లేచేలా చేశారంటే, కెమెరా పైకి వెళ్లినప్పుడు ఆ బొమ్మ స్క్రీన్ బయటికి పోతుంది, ఆటగాడు నొక్కడానికి ఏమీ ఉండదు.

మూడో పని: ప్రతి వేలికీ లెక్క ఉంచండి

ఇదే అసలు గుండెకాయ, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. టచ్‌స్క్రీన్ ప్రతి వేలికీ ఒక నంబరు ఇస్తుంది, ఆ వేలు లేచేదాకా ఆ నంబరు మారదు. మీ కోడ్‌లో ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: ఏ నంబరు వేలు ఏ వైపుకి చెందింది. వేలు దిగగానే పట్టికలో చేర్చండి, లేవగానే తీసేయండి. ఎడమవైపు కనీసం ఒక వేలు ఉంటే ఎడమ ఫ్లిప్పర్ పైకి, ఒక్కటీ లేకపోతే కిందికి. కుడికీ అంతే. ఎడమవైపు రెండు వేళ్లు పెట్టి అందులో ఒకటి తీస్తే ఫ్లిప్పర్ పడిపోకూడదు, పట్టిక ఉంటే ఆ సంగతి దానంతటదే సర్దుకుంటుంది. కొత్తగా చేసేవాళ్లు ఇక్కడ ఒక ట్రూ, ఫాల్స్ వేరియబుల్‌తో సరిపెట్టేస్తారు, తర్వాత బాధపడతారు.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడిదే. ఆండ్రాయిడ్‌లో మొదటి వేలు దిగితే యాక్షన్ డౌన్ వస్తుంది, అది ఉండగా రెండో వేలు దిగితే యాక్షన్ పాయింటర్ డౌన్ అనే వేరే కబురు వస్తుంది. నేను మొదటిదాన్నే చూసుకున్నాను, అందుకే మా వాడి కుడి వేలు గాలికి పోయింది. ఐఫోన్‌లో మామూలు వ్యూకి మల్టిపుల్ టచ్ మొదటినుంచీ ఆఫ్‌లో ఉంటుంది, మీరే ఆన్ చేసుకోవాలి. గోడో (యూనిటీలాగే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు స్క్రీన్ టచ్ ఈవెంట్‌లో వచ్చే ఇండెక్స్‌ని పట్టుకోండి, టచ్‌ని మౌస్‌లా నటింపజేసే సెట్టింగ్‌ని నమ్ముకోకండి, మౌస్‌కి ఉండేది ఒక్క బాణమే. యూనిటీలోనూ అంతే, మౌస్ బటన్ ఫంక్షన్‌తో కంప్యూటర్‌లో అంతా బాగానే ఉంటుంది, ఫోన్‌లోకి వెళ్లగానే బండారం బయటపడుతుంది.

బ్రౌజర్‌లో ఆడే గేమ్ అయితే క్లిక్ ఈవెంట్ జోలికి అసలు పోకండి. క్లిక్ అనేది వేలు లేచాక వచ్చేది, అంటే ఆటగాడు నొక్కింది మీకు తెలిసేసరికే అతను వదిలేసి ఉంటాడు. పాత మొబైల్ బ్రౌజర్లు అయితే రెండుసార్లు తడతారేమోనని 300 మిల్లీసెకన్లు ఆగి మరీ చెప్పేవి. పాయింటర్ డౌన్, పాయింటర్ అప్, పాయింటర్ క్యాన్సిల్ వాడండి. ఆట ఉన్న ఎలిమెంట్‌కి సీఎస్ఎస్‌లో టచ్ యాక్షన్‌ని నన్ అని పెట్టండి, లేకపోతే వేలు కొంచెం జారగానే పేజీ స్క్రోల్ చేస్తున్నారనుకుని బ్రౌజర్ ఆ వేలిని మీ దగ్గర్నుంచి లాగేసుకుంటుంది.

క్యాన్సిల్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, దీన్ని చాలామంది వదిలేస్తారు. వేలు లేవడం ఒక్కటే ముగింపు కాదు. మధ్యలో సిస్టమ్ "ఈ టచ్ ఇక నాది" అని తీసేసుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మూడు వేళ్లు కిందికి జారిస్తే స్క్రీన్‌షాట్ పడుతుంది. పిన్‌బాల్‌లో రెండు వేళ్లు ఎలాగూ ఆని ఉంటాయి, మూడోది తగలడం ఎంతసేపు? అప్పుడు మీకు అప్ రాదు, క్యాన్సిల్ వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే ఫ్లిప్పర్ పైకి లేచి అలాగే బిగుసుకుపోతుంది. క్యాన్సిల్‌ని కూడా వేలు లేచినట్టే చూడండి. ఫోన్ కాల్ వచ్చి యాప్ వెనక్కి వెళ్తే పట్టిక మొత్తం తుడిచేసి ఆటని పాజ్‌లో పెట్టండి. తిరిగి వచ్చాక వెంటనే బంతి వదలకుండా మూడు అంకెలు లెక్కపెట్టి మొదలుపెట్టండి, ఆటగాడి వేళ్లు మళ్లీ చోటికి చేరుకోవాలి కదా.

అంచుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో పక్క అంచు నుంచి లోపలికి జారిస్తే బ్యాక్, బొటనవేళ్లు ఆనేదేమో అదే అంచు దగ్గర. సిస్టమ్ జెస్చర్ ఎక్స్‌క్లూజన్ అని ఒక సదుపాయం ఉంది, "ఈ భాగంలో బ్యాక్ జెస్చర్ వద్దు" అని చెప్పుకోవచ్చు, కానీ ఒక్కో అంచుకి మామూలుగా 200 డీపీ ఎత్తు వరకే ఒప్పుకుంటుంది. ఆ 200 డీపీని ఎక్కడపడితే అక్కడ ఖర్చుపెట్టకుండా బొటనవేళ్లు ఆనే కిందిభాగంలో పెట్టండి. ఐఫోన్‌లో కింది అంచు నుంచి పైకి జారిస్తే హోమ్‌కి పోతుంది, అక్కడ మొదటి జారుడుకి ఆగి రెండోదానికే స్పందించమని చెప్పే సెట్టింగ్ ఉంది, అది పెట్టండి.

నాలుగో పని: ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో తరిమేయండి

అసలు పిన్‌బాల్ బంతి 27 మిల్లీమీటర్ల స్టీలు గుండు, బరువు 80 గ్రాములు. ఫ్లిప్పర్ పొడవు 3 అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. బంతి సెకనుకి 3 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో బంతి 50 మిల్లీమీటర్లు నడుస్తుంది. అంటే మీ కోడ్ ఒక్క ఫ్రేమ్ ఆలస్యం చేస్తే బంతి ఫ్లిప్పర్ పొడవులో మూడింట రెండు వంతులు దాటిపోయింది. కొనతో కొట్టాలనుకున్న బంతి ఇంకెక్కడో తగులుతుంది, లేదా తగలనే తగలదు. ఒక్క ఫ్రేమే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

అందుకని ఫ్రేమ్‌లో అన్నిటికంటే ముందు టచ్‌లు చదవండి, ఆ తర్వాత ఫిజిక్స్ (బంతి, ఫ్లిప్పర్ల కదలిక లెక్క), ఆ తర్వాత బొమ్మ. ఈ వరుస తిరగబడితే మీరే చేతులారా ఒక ఫ్రేమ్ పోగొట్టుకున్నట్టు. ట్యాప్, లాంగ్ ప్రెస్ లాంటివి గుర్తుపట్టే రెడీమేడ్ జెస్చర్ సాధనాలు ఫ్లిప్పర్‌కి వాడకండి, ఇది ట్యాపా జారుడా అని తేల్చుకోవడానికి అవి కాసేపు ఆగుతాయి. అయితే ఆలస్యం వద్దంటే ఫ్లిప్పర్‌ని ఒక్కసారిగా పై స్థానానికి గెంతించమని కాదు. అలా గెంతితే మధ్యలో ఉన్న బంతికి దెబ్బే తగలదు. నొక్కిన వెంటనే కదలడం మొదలవ్వాలి, కదలిక మాత్రం నిజమైన వేగంతో తిరుగుతూ వెళ్లాలి.

ఫిజిక్స్ ఎన్నిసార్లు లెక్కవేస్తున్నారో కూడా చూసుకోండి. యూనిటీలో ఫిక్స్‌డ్ టైమ్ స్టెప్ మొదట 0.02 సెకన్లు ఉంటుంది, అంటే సెకనుకి 50 సార్లు. 3 మీటర్ల వేగంతో బంతి ఒక్కో స్టెప్‌కి 60 మిల్లీమీటర్లు దూకుతుంది, తన వెడల్పుకి రెండింతల కంటే ఎక్కువ. ఫ్లిప్పర్‌లోంచి బంతి దూరి పోయిందంటే కారణం ఇదే. కనీసం 240కి పెంచండి, అప్పుడు దూకుడు 12.5 మిల్లీమీటర్లకి దిగుతుంది. రెండు స్టెప్‌ల మధ్య దారిలో తగిలినదాన్ని కూడా పట్టుకునే కంటిన్యువస్ కొలిజన్ కూడా ఆన్ చేయండి.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ చెయ్యి తిరిగిన ఆటగాళ్లకి పెద్దది. వేగంగా తట్టినప్పుడు నొక్కడం, వదలడం రెండూ ఒకే ఫ్రేమ్‌లో అయిపోవచ్చు. మీ కోడ్ ప్రతి ఫ్రేమ్‌లో "ఇప్పుడు వేలు ఉందా?" అని మాత్రమే అడిగితే జవాబు "లేదు" అనే వస్తుంది, ఆ తట్టు పూర్తిగా మాయం. అలా అడగకండి. వచ్చిన ప్రతి ఈవెంట్‌నీ దాని సమయంతో సహా వరుసలో పెట్టుకుని, ఫిజిక్స్ చిన్న అడుగులు వేసేటప్పుడు ఏది ఎప్పుడు జరిగిందో అప్పుడే అమలు చేయండి. అప్పుడు చిన్న తట్టుకి ఫ్లిప్పర్ సగం లేచి దిగుతుంది, గట్టిగా పట్టుకుంటే పూర్తిగా లేస్తుంది, అసలు మెషీన్‌లో లాగే.

ఇదంతా చేశాక ఎంత ఆలస్యం ఉందో కొలవండి. దీనికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే ఇంకో ఫోన్ చాలు. వేలు గాజుని తాకడం, ఫ్లిప్పర్ కదలడం రెండూ కనిపించేలా పక్కనుంచి వీడియో తీసి, మధ్యలో ఎన్ని ఫ్రేములున్నాయో ఒక్కొక్కటి జరుపుకుంటూ లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. పదిసార్లు తీసి సగటు చూసి సంతోషపడకండి, అన్నిటికంటే చెత్తగా వచ్చినదాన్ని చూడండి, బంతి పోయేది అప్పుడే. మీ దగ్గరున్న మంచి ఫోన్‌తో పాటు ఇంట్లో ఎవరిదైనా నాలుగేళ్ల పాత ఫోన్‌లో, బ్యాటరీ సేవర్ ఆన్ చేసి కూడా కొలవండి. ఆడేవాళ్లలో చాలామంది చేతుల్లో ఉండేది అదే.

శబ్దం, వైబ్రేషన్

గాజుకి లేని అంచుని చెవి ద్వారా ఇవ్వొచ్చు. ఫ్లిప్పర్ లేచే "టక్" శబ్దం నొక్కిన క్షణంలోనే రావాలి, బంతి తగిలినప్పుడు వచ్చే శబ్దం వేరు. ఆ క్లిప్‌ని ఆట మొదలయ్యేటప్పుడే మెమరీలోకి తెచ్చుకుని పెట్టండి, క్లిప్ మొదట్లో ఖాళీ నిశ్శబ్దం ఉంటే కత్తిరించేయండి. వైబ్రేషన్ ఐఫోన్‌లో చాలా బాగుంటుంది, దెబ్బ తగిలినట్టు వైబ్రేట్ చేయించే ఇంపాక్ట్ జనరేటర్‌ని ముందే ప్రిపేర్ చేసి ఉంచితే ఆలస్యం తగ్గుతుంది. ఐప్యాడ్‌లో ఆ మోటారే లేదు. చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో మోటారు తిరగడం మొదలయ్యేసరికే ఫ్లిప్పర్ దిగిపోయి ఉంటుంది, అలాంటి ఫోన్లో అది చిరాకే, కాబట్టి ఆఫ్ చేసుకునే వీలు తప్పకుండా ఇవ్వండి.

ఐదో పని: ప్లంజర్

ప్లంజర్ అంటే బంతిని ఆటలోకి తన్నే స్ప్రింగు కడ్డీ. వేలితో కిందికి లాగి వదిలితే బంతి పైకి వెళ్లడం అందరికీ చెప్పకుండానే అర్థమవుతుంది. ప్లంజర్ బొమ్మనే పట్టుకోవాలని మాత్రం పెట్టకండి. వేలు ఎక్కడ దిగిందో అక్కడినుంచి ఎంత దూరం లాగారో కొలవండి. పూర్తి బలానికి 3 సెంటీమీటర్లు చాలు. అంతకంటే ఎక్కువ పెడితే కిందికి వచ్చేసరికి వేలు స్క్రీన్ దాటి పోతుంది, ఇక పూర్తి బలంతో కొట్టడం ఎవరి తరమూ కాదు.

చిక్కు ఎక్కడంటే, బంతి ఇంకా ప్లంజర్ దగ్గరే ఉన్నప్పుడు కూడా ఫ్లిప్పర్ బటన్లకి పని ఉంటుంది. 1980లో విలియమ్స్ వాళ్ల ఫైర్‌పవర్ టేబుల్‌తో లేన్ చేంజ్ వచ్చింది, ఫ్లిప్పర్ బటన్ నొక్కితే పైన లేన్లలో వెలిగిన లైటు పక్కకి జరుగుతుంది. మరి కుడి వేలు దిగితే అది ఫ్లిప్పరా, ప్లంజరా? తేలేదాకా ఆగుదాం అనుకోకండి. దిగగానే ఫ్లిప్పర్‌ని లేపేయండి. ఆ వేలే 8 మిల్లీమీటర్ల కంటే కిందికి జారితే అప్పుడు ప్లంజర్‌ని కూడా లాగండి. ఫ్లిప్పర్ ఊరికే లేచినందువల్ల ఎవరికీ నష్టం లేదు, ఆలస్యం వల్లే నష్టం. మల్టీబాల్ (ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ బంతులు) నడుస్తుండగా కొత్త బంతి ప్లంజర్ దగ్గరికి వస్తే మీరే ఆటోమేటిక్‌గా వదిలేయండి, అప్పటికే రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

ఆరో పని: నడ్జ్, టిల్ట్

నడ్జ్ అంటే టేబుల్‌ని తట్టడం, అది పిన్‌బాల్‌లో మోసం కాదు, ఆటలో భాగమే. హద్దు దాటితే మాత్రం శిక్ష. మెషీన్ లోపల ఒక లోలకం ఇనప రింగు మధ్యలో వేలాడుతుంటుంది, ఎక్కువ కుదిపితే అది రింగుకి తగిలి టిల్ట్ పడుతుంది, ఫ్లిప్పర్లు చచ్చిపోతాయి, ఆ బంతి పోయినట్టే.

ఫోన్‌ని నిజంగానే ఊపేలా చేద్దామని అందరికీ మొదట తోస్తుంది, నాకూ తోచింది. చేసి చూశాక తీసేశాను. ఫోన్ ఊపితే స్క్రీన్ కూడా ఊగుతుంది, సరిగ్గా బంతిని చూడాల్సిన క్షణంలోనే కంటికి ఏమీ ఆనదు. బస్సులో ఆడేవాళ్లకి గతుకు గతుక్కీ టిల్ట్. పెడితే సెట్టింగ్స్‌లో ఇష్టమున్నవాళ్ల కోసం పెట్టండి, గురుత్వాకర్షణని తీసేసిన లీనియర్ యాక్సిలరేషన్‌ని మాత్రమే వాడండి, లేకపోతే పడుకుని ఆడేవాళ్లకి లెక్కలన్నీ తప్పుతాయి.

నాకు నచ్చినది వేలి విసురు. ఆనించి ఉన్న వేలినే చటుక్కున పక్కకి గానీ పైకి గానీ లాగితే నడ్జ్. ఫ్లిప్పర్ మాత్రం దిగకూడదు, వేలు ఇంకా గాజు మీదే ఉంది కదా. ఇంతకుముందు చెప్పిన మెల్లటి జారుడుకీ దీనికీ తేడా వేగమే. 100 మిల్లీసెకన్లలో ఒక సెంటీమీటరు దాటితే నడ్జ్, లేకపోతే మామూలు జారుడు, ఈ కొలతతో మొదలుపెట్టి మీ ఆటగాళ్లని చూసి సర్దుకోండి. టిల్ట్‌కి "మూడు నడ్జ్‌లైతే అవుట్" అనే లెక్క పెట్టకండి. కోడ్‌లోనే చిన్న లోలకాన్ని ఊపండి, ప్రతి నడ్జ్‌కీ అది ఊగాలి, మెల్లగా తగ్గాలి, ఊగుతుండగానే ఇంకో నడ్జ్ ఇస్తే ఇంకా పెద్దగా ఊగాలి. ఏప్రన్ మీద ఆ లోలకాన్ని చిన్నగా గీసి చూపించండి. ఎంత తెగించొచ్చో ఆటగాడే రెండు రోజుల్లో పట్టేస్తాడు.

సెట్టింగ్స్‌లో ఇవ్వాల్సినవి

పై ఫ్లిప్పర్లు ఉన్న టేబుల్ అయితే మామూలుగా ఆ వైపువన్నీ కలిసి లేవనివ్వండి. కావాలన్నవాళ్లకి "ఒకే వైపు రెండో వేలు పెడితేనే పై ఫ్లిప్పర్" అనే ఆప్షన్ ఇవ్వండి, వేళ్ల పట్టిక ఎలాగూ ఉంది కాబట్టి ఇది పది లైన్ల పని. ఒంటి చేత్తో ఆడేవాళ్ల కోసం స్క్రీన్ ఎక్కడ తాకినా రెండు ఫ్లిప్పర్లూ లేచే మోడ్ పెట్టండి. చెయ్యి బాగోలేనివాళ్లకీ, ఒళ్లో బిడ్డని పెట్టుకుని ఆడేవాళ్లకీ అదొక్కటే దారి, దాన్ని మెనూలో మూడు పేజీల లోపల దాచకండి.

చివరి పని: వేళ్లు చూడండి, లాగ్ రాయండి

ఆట ఎవరికైనా ఇచ్చి ఆడించేటప్పుడు ఏమీ చెప్పకండి, "అక్కడ నొక్కు" అని కూడా అనొద్దు. స్క్రీన్ కాకుండా వేళ్లు చూడండి. ఎండాకాలంలో ఒకసారి, మధ్యాహ్నం పూట, కరెంటు లేనప్పుడు ఆడించండి. చెమట పట్టిన వేలు గాజు మీద ఎలా జారుతుందో, మధ్యలో చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ పెట్టేసరికి వేలు ఎక్కడ దిగుతుందో ఏసీ గదిలో మీకు ఎప్పటికీ తెలియదు. మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేసిన ఫోన్‌లోనూ, అంచులు ఎత్తుగా ఉన్న కవరు వేసిన ఫోన్‌లోనూ చూడండి.

ఆట లోపల ప్రతి టచ్‌నీ ఒక ఫైల్‌లో రాయించండి: వేలి నంబరు, దిగిన చోటు, దిగిన సమయం, లేచిన సమయం, క్యాన్సిల్ అయిందా, ఆ క్షణంలో బంతి ఎక్కడుంది. ఎవరైనా "నేను నొక్కాను" అన్నప్పుడు వాదించకండి, ఆ ఫైల్ తెరవండి. నేనైతే దీనికి తోడు చివరి మూడు సెకన్లని నెమ్మదిగా తిరిగి చూపించే చిన్న రీప్లే కూడా పెట్టాను, వేళ్లు తాకినచోట రెండు గుండ్రటి గుర్తులతో. మొన్న మా వాడు మళ్లీ అదే మాట అన్నాడు, నొక్కాను, లేవలేదు అని. ఇద్దరం కలిసి రీప్లే చూశాం. బంతి ఫ్లిప్పర్ కొన దాటాక 40 మిల్లీసెకన్లకి వేలి గుర్తు వెలిగింది, ఫ్లిప్పర్ ఆ వెంటనే లేచింది. వాడు ఇంకోసారి వెనక్కి జరిపి చూసుకున్నాడు, ఏమీ అనలేదు, వేళ్లు చొక్కాకి తుడుచుకుని కొత్త ఆట మొదలుపెట్టాడు.